నాలుక తప్పేమీ లేదు

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఒక మానసిక వైద్యుడు ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినపడుతోందా? చివరి వరుసలో చెయ్యి ఎత్తండమ్మా. సరే, వినపడుతోంది.

నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "డాక్టరు గారూ, జనానికి బోరు కొట్టకూడదు" అన్నారు. తిండి గురించి మాట్లాడితే నెల్లూరులో బోరు కొట్టేదెవరికండీ? చేపల పులుసు వండిన పూట బాగుంటుందా, మర్నాడు పొద్దున బాగుంటుందా అని గంటసేపు వాదించుకునే ఊరు మనది. మర్నాడే బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తిండి గురించి కాదు. రుచితో సంబంధం లేని తిండి గురించి. మీలో కొందరికి ఇది వింతగా ఉంటుంది. కొందరికి మాత్రం ఉండదు. వాళ్లు పైకి చెప్పరు, అంతే.

ఒకావిడ సంగతి చెబుతాను. వివరాలు మార్చే చెబుతున్నాను కాబట్టి ఎవరా అని ఆరా తీయకండి, అసలే చిన్న ఊరు. నలభై ఏళ్లుంటాయి. టీచరు. పొద్దున కాఫీ తాగి బడికి వెళుతుంది. మధ్యాహ్నం రెండు పుల్కాలు, అదీ ఇష్టం లేకుండా. లావవుతున్నానని భయం. సాయంత్రం ఇంటికొచ్చి అందరికీ వండి పెడుతుంది, తను మజ్జిగ తాగుతుంది. రాత్రి పదకొండు దాటాక, అందరూ పడుకున్నాక, వంటింట్లోకి వెళుతుంది. లైటు వేయదు. మిగిలిన అన్నం, పప్పు, పిల్లల బిస్కెట్ ప్యాకెట్టు, పండక్కి ఎవరో ఇచ్చిన స్వీట్ల డబ్బా. అన్నీ అయిపోయాక డబ్బాలో పంచదార, చెంచాతో. ఇరవై నిమిషాలు. నమిలేది తక్కువ, మింగేది ఎక్కువ. కడుపు నొప్పి పుట్టేదాకా. ఆ తర్వాత గ్యాస్ బండ పక్కన కింద కూర్చుని ఏడుస్తుంది. ఏడ్చి, రేపు ఏమీ తినకూడదని ఒట్టు పెట్టుకుంటుంది.

నేను ఆవిణ్ణి ఒకే ప్రశ్న అడిగాను. "తినేటప్పుడు రుచిగా ఉంటుందా అమ్మా?" ఆవిడ కాసేపు ఆలోచించింది. "మొదటి రెండు ముద్దలు సార్. ఆ తర్వాత ఏం తింటున్నానో కూడా నాకు తెలియదు. పూనకం వచ్చినట్టు ఉంటుంది" అంది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఇవాళ్టి నా ప్రసంగమంతా ఈ మాట చుట్టూనే. మొదటి రెండు ముద్దలు రుచి. తర్వాత రుచి లేదు. రుచి లేకపోయినా చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదు? రుచి కోసం తినేవాడైతే రుచి పోగానే ఆగాలి కదా? ఆకలి కోసం తినేవాడైతే కడుపు నిండగానే ఆగాలి కదా? రెండూ అయిపోయాక కూడా చెయ్యి నోటి దాకా వెళుతోందంటే, ఆ చేతిని నడిపిస్తున్నది మూడోది ఏదో ఉంది. అదేంది?

దీనికి వైద్యంలో బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరు. అతిగా తినే జబ్బు అనుకోండి. అతిగా తినడమంటే పెళ్లిలో నాలుగు గారెలు ఎక్కువ తినడం కాదు. అలాగైతే ఈ హాల్లో అందరికీ నేను చీటీ రాయాలి. కొద్దిసేపట్లో, ఒక రెండు గంటల్లో అనుకోండి, అదే సమయంలో మామూలు మనిషి తినగలిగినదానికంటే బాగా ఎక్కువ తినడం. తింటున్నంతసేపూ ఇది నా చేతిలో లేదు అనిపించడం. ఈ రెండోది ముఖ్యం. వీటికి తోడు గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, ఒళ్లు ఇబ్బంది పడేదాకా తినడం, సిగ్గుపడి ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే రోత పుట్టడం, వీటిలో కనీసం మూడు. ఇది వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు జరిగితే అప్పుడు జబ్బు అంటాం. తిన్నది వేలు పెట్టి కక్కేస్తే, విరేచనాల మందు వేసుకుంటే, అది బులీమియా, వేరే జబ్బు. దాని గురించి ఇంకోరోజు.

1959లోనే ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ డాక్టరు తన పేషెంట్లలో దీన్ని గమనించి రాశాడు. కానీ మానసిక వైద్యుల పుస్తకంలో దీనికి సొంత పేరుతో, సొంత జబ్బుగా చోటు దొరికింది 2013లో. యాభై నాలుగేళ్లు! ఈ యాభై నాలుగేళ్లూ ఈ మనుషులకి మనం ఏ పేరు పెట్టాం? తిండిపోతు అన్నాం. కక్కుర్తి అన్నాం. కాస్త చదువుకున్నవాళ్లమైతే జిహ్వచాపల్యం అన్నాం. ఇంకో సంగతి, ఇది అరుదైన జబ్బు కూడా కాదు. అమెరికాలో ఇంటింటి సర్వే చేస్తే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చినవాళ్లు ఆడవాళ్లలో వందకి మూడున్నర, మగవాళ్లలో వందకి ఇద్దరు తేలారు. మగవాళ్లు కూడా, వింటున్నారా? లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోకండి. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. వాళ్లను ఎవరూ అనుమానించరు, అదొక్కటే తేడా.

జిహ్వచాపల్యం. ఎంత బాగుంది మాట! నేరమంతా తీసుకెళ్లి నాలుక మీద వేసేశాం. నాలుక మాట్లాడేదే కానీ తన తరఫున మాట్లాడుకోలేదు పాపం. ఇవాళ నేను నాలుక తరఫు వకీలుగా వచ్చాననుకోండి.

సరే, కేసు మొదలుపెడదాం.

మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉండరు. నీళ్లలో దిగి ఒకరి చేతిలో రొట్టె ఇంకొకరు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. ఆ రొట్టె అందుకునేటప్పుడు ఎవరైనా ఇది మెత్తగా ఉందా, ఉప్పు సరిపోయిందా అని అడుగుతారా? అడగరు. ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వచ్చి రొట్టె కోసం నిలబడతారు కానీ దాని రుచి కోసం కాదు. కోరిక కోసం. అంటే మన ఊరికి ఈ తేడా ముందునుంచీ తెలుసు. తినేదాని మీద కోరిక వేరు, దాని రుచి వేరు. రెండూ ఒకే రొట్టెలో ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. శాస్త్రవేత్తలకి ఈ సంగతి తెలియడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథ చెబుతాను.

1954. కెనడాలో మాంట్రియల్ నగరం. జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అని ఇద్దరు. ఎలుక మెదడులో సన్నటి తీగ పెట్టి, ఒక మీట పెట్టారు. మీట నొక్కితే మెదడులో ఆ చోట చిటికెడు కరెంటు. తీగ ఫలానా చోట ఉంటే ఎలుక ఇక మీట వదల్లేదు. గంటకి వందలసార్లు, తర్వాతి ప్రయోగాల్లో వేలసార్లు నొక్కింది. అందరూ ఏమనుకున్నారు? ఆహా, మెదడులో ఆనందం ఉండే చోటు దొరికింది అనుకున్నారు. ఆ దారిలో పనిచేసేది డోపమిన్ అనే రసాయనం అని తర్వాత తేలింది. దాంతో డోపమిన్ అంటే ఆనందం అని పేరు పడిపోయింది. ఇప్పటికీ ఫోన్లో వీడియోలు చూస్తే అదే చెబుతారు, ఇది తినండి డోపమిన్ వస్తుంది, అది చూడండి డోపమిన్ వస్తుంది అని. వెనక పిల్లలు నవ్వుతున్నారు, వాళ్లు చూసే ఉంటారు.

నిజంగా ఆనందమేనా? ఎలుకని ఎవరైనా అడిగారా?

అడిగినవాడు ఒకాయన ఉన్నాడు. కెంట్ బెరిడ్జ్. మిచిగాన్ విశ్వవిద్యాలయం. ఎలుకని ఎలా అడగాలి? ఎలుక మొహం చూశాడు. పసిపిల్ల నాలుక మీద తేనె చుక్క వేయండి, పెదాలు నాకుతుంది. వేపాకు రసం వేయండి, నోరు తెరిచి మొహం చిట్లిస్తుంది. ఎలుక కూడా అచ్చం అంతే. తీపి వేస్తే నాలుక బయటపెట్టి నాకుతుంది, చేదు వేస్తే నోరు ఆవలిస్తుంది. ఇదే కొలబద్ద. ఇప్పుడు ఆయన డోపమిన్ దాదాపు పూర్తిగా లేకుండా చేసిన ఎలుకల్ని తీసుకున్నాడు. ఆ ఎలుకలు తిండి ముందు పెట్టినా తినవు. గొట్టంతో పోయకపోతే చచ్చిపోతాయి. డోపమిన్ అంటే ఆనందమే అయితే వీటికి తీపి రుచించకూడదు కదా? నోట్లో తీపి నీళ్లు వేశాడు. ఏం చేశాయి? నాలుక బయటపెట్టి నాకాయి! మామూలు ఎలుకల్లాగే. రుచి తెలుస్తోంది, నచ్చుతోంది. కానీ పక్కనే ఉన్న గిన్నె దాకా వెళ్లాలన్న కోరిక లేదు. రుచి ఉంది, కోరిక పోయింది.

మరి దీనికి తిరగేసి జరుగుతుందా? రుచి లేకుండా కోరిక ఉంటుందా? అది కూడా చూశాడు. మెదడులో హైపోథాలమస్ అనే చోట కరెంటు పెడితే కడుపు నిండిన ఎలుక కూడా తినడం మొదలుపెడుతుంది. 1991లో బెరిడ్జ్, వాలెన్‌స్టీన్ కలిసి అలా తింటున్న ఎలుకలకి నోట్లో తీపి వేసి మొహాలు చూశారు. కరెంటు వల్ల నాకడం పెరగలేదు. పెరిగింది మొహం చిట్లించడం. మళ్లీ చెబుతాను, ఇది ముఖ్యం. కరెంటు పెడితే తింటున్నాయి. రుచి మాత్రం పెరగలేదు, ఇంకా తగ్గినట్టే మొహం పెడుతున్నాయి.

ఇప్పుడు నా టీచరమ్మ వంటింట్లోకి రండి. లైటు లేదు. చెంచాతో పంచదార. మొహం ఎలా ఉంటుందో మీకు కనపడుతోందా?

మనుషుల్లో దీనికి ఒక సాక్ష్యం నేను స్వయంగా చూశాను. కోవూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, వరి రైతు. చేతులు వణికే జబ్బు, పార్కిన్సన్స్. ఆ జబ్బులో మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. దానికిచ్చే మందుల్లో ఒక రకం, డోపమిన్ చేసే పనిని తాము చేసిపెడతాయి. ప్రామిపెక్సోల్ లాంటివి. మందు వేశాక వణుకు తగ్గింది. ఒక నాలుగు నెలలకి ఆయన భార్య ఒక్కతే వచ్చింది. "సార్, ఈయన అర్ధరాత్రి లేచి బెల్లం తింటన్నాడు. మా పెళ్లయి నలభై ఏళ్లు, ఈ మనిషి తీపి ముట్టింది లేదు. అడిగితే కొడతానంటాడు" అంది. ఆయన్ని అడిగితే తల దించుకున్నాడు. "బాగుండి తినడం కాదయ్యా. అది గుర్తొస్తే ఇక నిద్ర పట్టదు" అన్నాడు. ఆ మందుతో ఇలా జరగొచ్చని మందు కాగితం మీదే రాసి ఉంటుంది. కొందరు జూదంలో పడతారు, కొందరు కొనకూడనివి కొంటారు, కొందరు ఇలా తిండి మీద పడతారు. నరాల డాక్టరుతో మాట్లాడి మోతాదు తగ్గించాం. కొన్ని వారాల్లో బెల్లం గోల తగ్గిపోయింది. అయ్యా, మీ ఇళ్లల్లో ఎవరైనా ఆ మందు వాడుతుంటే ఈ మాట విని రేపు పొద్దున్నే ఆపేయకండి. ప్రమాదం. డాక్టరుని అడగండి.

ఆలోచించండి. డెబ్భై ఏళ్ల రైతు. నాలుక అదే నాలుక. బెల్లం అదే బెల్లం. మారింది ఒక మాత్ర. ఆయన్ని కక్కుర్తి మనిషి అందామా?

మరి రుచి ఎక్కడుంటుంది అంటారా? ఉంటుంది. న్యూక్లియస్ అకంబెన్స్ అని మెదడు లోపల ఒక చోటు. అందులో ఎలుకకైతే ఒక ఘన మిల్లీమీటరు, అంటే ఆవగింజంత మేర, రుచించడాన్ని పెంచగలిగే స్థలం. అక్కడ పనిచేసేది డోపమిన్ కాదు, నల్లమందు జాతి రసాయనాలు, మన శరీరమే తయారుచేసుకునేవి. అకంబెన్స్‌లో ఆ ఆవగింజ దాటి బయట అవే రసాయనాలు వేస్తే? తిండి పెరుగుతుంది, రుచి పెరగదు. అంటే మన తలకాయలో కోరికకి ఇచ్చిన స్థలం ఎకరాల్లో ఉంటే రుచికి ఇచ్చింది సెంట్లలో. భూములున్నవాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు.

ఇక కోరిక ఎలా పుడుతుందో చూద్దాం. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అని ఒకాయన కోతుల మీద పనిచేశాడు. కోతి నోట్లో పళ్లరసం చుక్క పడితే డోపమిన్ కణాలు టపటపా కొట్టుకున్నాయి. బాగుంది. ఇప్పుడు రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించాడు. కొన్నాళ్లకి ఏమైంది? దీపం వెలగగానే కణాలు కొట్టుకుంటున్నాయి. రసం పడినప్పుడు? ఏమీ లేదు. ముందే తెలిసిన రసం కదా. మరి దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే? రసం రావలసిన క్షణానికి కణాలు ఉన్న చప్పుడు కూడా మానేశాయి. వెలితి. రావలసింది రాలేదన్న లెక్క. 1997లో వచ్చిన ఈ లెక్క మెదడు శాస్త్రంలో చాలా పేరున్నది.

మనకి దీపం ఏది? రాత్రి తొమ్మిదింటికి ఫోను టింగుమంటుంది. మీకు ఇష్టమైన బిర్యానీ సగం ధరకే అని. ఆకలి లేదు. ఐనా లోపల ఒకటి కదులుతుంది. కదిలింది బిర్యానీ వల్ల కాదు, బిర్యానీ ఇంకా హోటల్లోనే ఉంది. టింగుమన్న చప్పుడు వల్ల. కొందరికి దీపం ఫోను. టీచరమ్మకి దీపం ఏంటో తెలుసా? పిల్లల గది తలుపు మూసుకున్న చప్పుడు. ఆవిడే కనిపెట్టి చెప్పింది.

ఇదంతా అందరికీ ఉన్నదే కదా, అందరికీ ఎందుకు జబ్బు రాదు అని మీరు అడగాలి. అడగండి. ముందు వరుసలో మాస్టారు గారు అప్పుడే చెయ్యెత్తారు. మాస్టారూ, చివర్లో మీకు టైమిస్తాను.

మొదటి సంగతి, మనుషులందరి మెదళ్లూ ఒకేలా లేవు. జీన్ జాక్ వాంగ్ అనే ఆయన బృందం 2011లో ఒక చిన్న ప్రయోగం చేసింది. ఈ జబ్బు ఉన్న పదిమందిని, లావుగా ఉన్నా ఈ జబ్బు లేని ఎనిమిదిమందిని తీసుకున్నారు. ఆకలి మీద ఉన్నప్పుడు తిండి చూపించారు, వాసన చూపించారు, నాలుకకి కాస్త రాశారు, తిననివ్వలేదు. డోపమిన్ పైకి తెలిసేలా ఒక మాత్ర కూడా ఇచ్చారు. జబ్బు ఉన్నవాళ్లలో కాడేట్ అనే చోట డోపమిన్ పెరిగింది. లావుగా మాత్రమే ఉన్నవాళ్లలో అలా పెరగలేదు. కాబట్టి తేడా ఒంటి బరువులో లేదు, తిండి కనపడినప్పుడు మెదడు ఇచ్చే జవాబులో ఉంది. పద్దెనిమిదిమందే, నిజమే. ఒక్క ప్రయోగంతో కోర్టులో గెలవలేం. కానీ క్లినిక్‌లో నేను వినేదానికి అది సరిపోతుంది.

రెండో సంగతి తిండిది. మన మలై కాజా తీసుకోండి. నవ్వకండి, నేను కూడా తింటాను. అందులో ఏముంది? పాల మీగడ, నెయ్యి, చక్కెర పాకం. కొవ్వు, తీపి కలిసి ఉన్నాయి. చెట్టు మీద కాసే పండులో తీపి ఉంటుంది, కొవ్వు ఉండదు. మాంసంలో కొవ్వు ఉంటుంది, తీపి ఉండదు. రెండూ కలిసి దొరికేది ప్రకృతిలో దాదాపు తల్లి పాలలోనే. 2018లో డానా స్మాల్ బృందం మనుషులకి తినుబండారాల ఫొటోలు చూపించి, దీనికి ఎంత డబ్బిస్తావు అని వేలం పాట పెట్టింది. అన్నిట్లో క్యాలరీలు సమానం, ఇష్టం కూడా సమానమే. ఐనా కొవ్వు, పిండి పదార్థం కలిసిన వాటికి జనం ఎక్కువ పాడారు. చూశారా, ఇష్టం సమానం. కోరిక ఎక్కువ. మళ్లీ అదే తేడా.

ఈ లెక్కలో నాలుకకి అసలు వాటా ఉందా అని కూడా చూశారు. తీపి తెలియని ఎలుకల్ని పుట్టించారు. వాటికి పంచదార నీళ్లూ మంచినీళ్లూ ఒకటే. ఐనా కొన్నాళ్లకి పంచదార నీళ్లవైపే వెళ్లాయి, డోపమిన్ కూడా పెరిగింది. నాలుక చెప్పలేదు. కడుపులో పడ్డాక పేగు చెప్పింది. ఇదిగో యువరానర్, నా క్లయింటు ఆ సమయానికి అక్కడ లేడు.

ఇక మూడో సంగతి. దీని కోసమే నేను ఇవాళ ఇక్కడికి వచ్చాను. మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

ప్రిన్స్‌టన్‌లో బార్ట్ హోబెల్ అని ఒకాయన. రెండు జట్ల ఎలుకలు. ఒక జట్టుకి రోజంతా తిండి, రోజంతా పంచదార నీళ్లు. ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఇంకో జట్టుకి పన్నెండు గంటలు కటిక పస్తు, తర్వాత పన్నెండు గంటలు తిండి, పంచదార నీళ్లు. మొదటి జట్టుకి తొలిరోజు పంచదార తాగితే డోపమిన్ ఎగిసింది. మూడు వారాలయ్యాక? ఎగసలేదు. అలవాటైన వస్తువు, కొత్తేముంది? రెండో జట్టు, పస్తుల జట్టు. ఇరవై ఒకటో రోజు కూడా మొదటి రోజు లాగే ఎగిసింది. గిన్నె పెట్టగానే మీద పడి గటగటా తాగాయి. అదే ఎలుక, అదే పంచదార. తేడా ఏంది? పస్తు.

మనుషుల్లో? రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 45లో, మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే ఆయన ముప్పై ఆరుమంది యువకుల్ని ఆరు నెలల పాటు అరకడుపుతో ఉంచాడు. వాళ్లు యుద్ధానికి వెళ్లం, కావాలంటే ఈ పని చేస్తాం అని ఇష్టపడి వచ్చినవాళ్లు. ఆరోగ్యవంతులు, గట్టి మనసున్నవాళ్లు. ఒంటి బరువులో పావు వంతు పోయింది. వాళ్ల మాటలన్నీ తిండి మీదకి పోయాయి. వంటల పుస్తకాలు చదివారు, కొందరు పోగేసుకున్నారు. తిరిగి తిండి పెట్టడం మొదలుపెట్టాక కొందరికి ఎంత తిన్నా ఆగలేదు. ఒళ్లు చెడేదాకా తిన్నారు. తిండి కోసం ప్రాణం పెట్టేవాళ్లు కారండీ వాళ్లు, సిద్ధాంతం కోసం కడుపు మాడ్చుకున్నవాళ్లు. వాళ్లకే అలా అయింది.

ఎందుకవుతుంది? పస్తుంటే కడుపులో గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. 1999లో జపాన్‌లో కనిపెట్టారు. అది ఆకలి మాత్రమే పుట్టించి ఊరుకోదు, నేరుగా డోపమిన్ కణాల దగ్గరికి వెళ్లి వాటిని రెచ్చగొడుతుంది. ఒంట్లో కొవ్వు తగ్గితే లెప్టిన్ అనే ఇంకో హార్మోను తగ్గుతుంది, అది వెనక్కి లాగే చెయ్యి. ఒక పక్క తోసేవాడు బలిశాడు, ఇంకో పక్క ఆపేవాడు చిక్కాడు. మధ్యలో దీపం వెలిగింది. ఆ పైన టెన్షన్, నిద్ర లేకపోవడం.

ఇప్పుడు టీచరమ్మ రోజు మళ్లీ చూడండి. పొద్దున కాఫీ. మధ్యాహ్నం రెండు పుల్కాలు. రాత్రి మజ్జిగ. పదకొండింటికి ఏం జరుగుతుందో చెప్పడానికి డాక్టరు కావాలా? మర్నాడు ఆవిడ శిక్ష వేసుకుంటుంది, ఏమీ తినను అని. ఆ శిక్షే మర్నాటి రాత్రికి పెట్టుబడి. మనం కూడా ఆవిడకి ఏం సలహా ఇస్తాం? "నోరు కట్టుకోమ్మా." ఇరవై ఏళ్లుగా ఆవిడ చేస్తున్నది అదే. నోరు కట్టుకోవడం చేతకాక ఆవిడ నా దగ్గరికి రాలేదు. కట్టుకుని కట్టుకుని వచ్చింది.

వైద్యం ఉంది. మొదటి మెట్టు చెబితే పేషెంట్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. తినండి అంటాను. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. నాలుగు గంటలకి మించి కడుపు ఖాళీగా ఉంచొద్దు. నిన్న రాత్రి ఏం జరిగినా సరే, ఇవాళ పొద్దున దోశ మానొద్దు. దీన్ని నేను కనిపెట్టలేదు. క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఈ జబ్బుల కోసం తయారుచేసిన మాటల వైద్యంలో ఇది పునాది. దాని మీద మిగతావి, ఏ దీపానికి కోరిక లేస్తోందో రాసుకోవడం, లేచిన కోరిక కాసేపటికి దానంతట అది తగ్గుతుందని చూసి నమ్మడం, అద్దం ముందు తనని తాను తిట్టుకోవడం మానడం. నెలలు పడుతుంది. మందులు కూడా ఉన్నాయి. అమెరికాలో 2015లో లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందుకి పెద్దవాళ్లలో ఈ జబ్బు కోసం అనుమతి ఇచ్చారు. అలవాటు పడే ప్రమాదం ఉన్న మందు, ఒళ్లు తగ్గడానికి వాడేది కాదు. పేరు రాసుకుంటున్న బాబూ, అది కొట్లో అడిగే మందు కాదు.

దీన్ని వ్యసనం అనొచ్చా అని అడుగుతారు. శాస్త్రవేత్తలే కొట్టుకుంటున్నారు. నాకు ఆ మాట నచ్చదు. సారా వ్యసనమైతే సారా మానమంటాం. తిండి మానమనగలమా? మానమంటే ఏమవుతుందో ఇప్పుడే చూశాం.

నేను చెప్పాల్సింది అయింది. ఇక మీరు అడగండి.

(ఒక తల్లి తన కూతురు హాస్టల్లో ఉందని, సెలవులకి వచ్చినప్పుడు పరుపు కింద చాక్లెట్ కాగితాలు దొరికాయని, ఏం చేయాలని అడిగారు.)

అమ్మా, ముందు ఆ కాగితాలు ఎక్కడివక్కడ ఉంచి ఆ సంగతి మర్చిపోండి. తీసి ముందు పడేసి ఇదేంటే అని అడిగితే, ఇంకోచోట దాస్తుంది, అంతే. ఫ్రిజ్‌కి తాళం వేయొద్దు. లావయ్యావు అనొద్దు, సన్నబడ్డావు అని మెచ్చుకోనూ వద్దు. రెండూ ఒకటే తక్కెడ. మూడు పూటలా పక్కన కూర్చుని మీరు తినండి, తను తింటుంది. ఎంత తిన్నదో లెక్క పెట్టొద్దు. ఏదో ఒకరోజు తనే చెబుతుంది. చెప్పినప్పుడు "నీకు కోరిక ఆగదు, అది నీ తప్పు కాదు, డాక్టరు దగ్గరికి పోదాం" అనండి. కాగితాలొక్కటే దొరికితే జబ్బని కూడా అనుకోకండి. పదహారేళ్ల పిల్ల చాక్లెట్ దాచుకోకపోతే ఇంకెవరు దాచుకుంటారు?

(మాస్టారు గారు లేచి, ఏకాదశి ఉపవాసాలూ శనివారాలూ తరతరాలుగా చేస్తున్నామని, వాటిని కూడా మానేయమంటారా అని అడిగారు.)

మాస్టారూ, మీరు మానొద్దు. మీరు ఏకాదశి ఉండి ద్వాదశి పొద్దున మామూలుగా భోంచేస్తారు, మీ మెదడు దాన్ని పట్టించుకోదు. నేను చెప్పేది ఈ జబ్బు ఉన్నవాళ్ల గురించి. వాళ్లు ఉపవాసం పేరుతో పస్తుంటే ఆ రాత్రి ఏమవుతుందో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. దేవుడి మీద భయంతో నాతో ఆ మాట చెప్పరు. మా నాయనమ్మ ప్రతి ఏకాదశీ నిర్జలం ఉండేది. మా మేనత్తకి కడుపులో పుండు వస్తే ఏకాదశి పూటే పాలన్నం కలిపి తినిపించింది. జబ్బు మనిషికి ఉపవాసం ఏందే అనింది. ఇది కూడా జబ్బే. ఆ మాట నా నోటితో చెబితే వినరు మాస్టారూ, మీరు చెబితే వింటారు. తొమ్మిదింటికి హాలు తాళం వేయాలట, వాచ్‌మన్ అప్పట్నుంచీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.